కమ్మీ వదలిన తరువాత

పిల్లలకు సంగీతమో నాట్యమో చెప్పించడం మన కుటుంబాలలో తరతరాలుగా ఉన్నదే. ఇప్పుడు పట్టణాలలో కొందరు ఆడపిల్లలు బాలే కూడా నేర్చుకొంటున్నారు. “కమ్మీ పట్టుకొన్నంతసేపూ చక్కగా చేస్తుంది, హాలు మధ్యకు రాగానే తూలిపోతుంది, మానిపించేద్దామా?” అనుకొనే తల్లులున్నారు. తొందరపడవద్దని మా మనవి. ఆ తూలడంలోనే అసలు చదువు మొదలవుతున్నది.

పరాయి నాట్యం మనకెందుకనే పెద్దలకు ఒక మాట. రుక్మిణీదేవి 1928లో బొంబాయిలో అన్నా పావ్లోవా నృత్యం చూచి, ఆమె బృందంలోని నర్తకి వద్ద బాలే అభ్యసించారు. ఆ తరువాతనే భరతనాట్యం వైపు తిరిగి, 1936లో అడయారులో కళాక్షేత్రానికి పునాది వేశారు. ఒక విద్య మరొక విద్యకు అడ్డు కాదు గదా!

బాలే ఇటలీ రాజాస్థానాలలో పుట్టి ఫ్రాన్సులో పెరిగినది. 1661లో పధ్నాలుగవ లూయీ పారిస్‌లో నృత్య విద్యాపీఠం పెట్టించాడు. అందుచేత నేటికీ అడుగుల పేర్లు ఫ్రెంచి మాటలే. పాఠం గోడవార కమ్మీ దగ్గర ప్రారంభమవుతుంది. ఒళ్లు వేడెక్కిన తరువాత కమ్మీ వదలి, నడుమ నిలిచి, ఆ అడుగులే ఆధారం లేకుండా చేయవలె.

అప్పుడు కాలు వణకడమెందుకు? ఒంటికాలిపై నిలిచినప్పుడు ఒంటి బరువంతా ఆ అరికాలంత చోటుకు సరిగ్గా పైన ఉండవలె. కమ్మీ ఉన్నంతవరకు బరువు కాస్త ప్రక్కకు ఒరిగినా చెయ్యి సర్దివేస్తుంది. చెయ్యి తీయగానే దాచిన బాకీ బయటపడుతుంది.

ఆ బాకీ తీర్చే మార్గాలు తేలికైనవే. కమ్మీని బిగించి పట్టుకోక, వేళ్లు పైన ఆనించి ఉంచవలె. మధ్యకు వచ్చినప్పుడు మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడుచోట్లా బరువు ఆనవలె. పాదాన్ని నేలపై రాస్తూ ముందుకు, ప్రక్కకు, వెనుకకు చాపడాన్ని ‘తాందు’ అంటారు. పాదం పోయినా బరువు దానివెంట పోరాదు. చూపు పాదాలమీదకు దిగరాదు. తల వంగితే ఒళ్లూ వంగుతుంది. చేతులు గుండ్రంగా, భుజాలు దించి, ఊపిరి బిగబట్టకుండా కదపవలె.

కదలక బిగుసుకుపోవడమే నిలకడ అని మనలో చాలామంది తలపు. బడి పిల్లల ఆటల పోటీలలో నిదానపు సైకిలు పందెం చూచే ఉంటారు. గెలిచేవాడు బిగుసుకొని కూర్చోడు. చక్రాన్ని క్షణక్షణం అటూ ఇటూ రవంత సర్దుతూనే ఉంటాడు. బాలేలోనూ అంతే. చీలమండ నిమిషమైనా ఊరుకోదు. ఆ సర్దుబాటు చూచేవారికి కనబడకపోవడమే సొగసు.

1890లో సెయింట్ పీటర్స్‌బర్గులో మొదట ప్రదర్శించిన ‘స్లీపింగ్ బ్యూటీ’లో రాకుమారి ఒంటికాలి మునివేళ్లపై నిలిచి, నలుగురు రాకుమారుల చేతులను ఒక్కొక్కటిగా అందుకొని వదలుతుంది. చెయ్యి వదలిన ఆ క్షణానికే సభ ఊపిరి బిగబట్టేది. మన పిల్ల కమ్మీ వదలినప్పుడు చేసేదీ ఆ పనే.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా! పిల్ల తూలితే నవ్వకండి. ప్రక్కింటి పిల్లతో పోల్చకండి. మునివేళ్ల జోళ్ల కోసం గురువును తొందరపెట్టకండి. కొన్నేళ్ల సాధన అయి, 11, 12 ఏళ్లు వచ్చి, చీలమండలు గట్టిపడినదాకా అవి కూడవు. లేత ఎముకలకు చెరుపు. ఇంట్లో పిల్ల ఒంటికాలిపై నిలిచినప్పుడు పట్టుకోబోయే చేతిని కాస్త ఆపుకోండి. ఆమె తూలుతుంది, సర్దుకొంటుంది, నిలుస్తుంది.