పాత బండికి క్రొత్త తలుపు

ఈ నెల ఒక తలుపు గురించి వ్రాయుచున్నాము.

సింగరాయకొండలో మా సంఘమునకు జీపు వెనుక తగిలించుకొని వెళ్లే పాత ట్రైలర్ బండి ఒకటి ఉన్నది. లోపల చెక్క చట్రము, పైన అల్యూమినియం రేకు, రెండు పడకలు. దూరపు పల్లెలలో కూటములు జరిగినప్పుడు సేవకుల కుటుంబము అందులోనే నిద్రించును. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారు ఎడ్లబండ్లతో, గుడారములతో ఈ ప్రాంతమంతా తిరిగారు. గుడారమునకు తలుపు బాధ లేదు!

మాకు ఉన్నది. పాకల సముద్రపు ఉప్పుగాలికి ఇనుప స్క్రూలు తుప్పు పట్టి, తలుపు అడుగు చెక్క పిండియై, ఒకనాడు దారిలోనే తలుపు ఊడి పడిపోయినది. వెనుక ఎవరూ రానందున ప్రమాదము తప్పినది. బండిని పాత ఇనుముకు అమ్మివేయుదమని కొందరు అన్నారు.

బజారు తలుపు దీనికి పట్టదు. ప్రక్క గోడ వంపుగా ఉండును గనుక తలుపూ అదే వంపులో ఉండవలెను. అమెరికాలో 1930ల నుండి తయారగుచున్న ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లదీ ఇదే చిక్కు. అక్కడివారు అదే నమూనా పాడుబడిన బండి కొరకు వెదకుదురు. మనకు ఇక్కడ అటువంటి బండి ఎక్కడ దొరుకును?

కాబట్టి పాత తలుపే కొలబద్ద. అది తెలియక మా యువకులు దాని చట్రమును నీళ్ల పొయ్యిలో పెట్టారు! రేకు మాత్రము మిగిలినది. దానిని అట్టపై పరచి గీత గీసి, ఆ వంపు ప్రకారము వెడల్పు టేకు పలకలో నిలువు చెక్కలు కోయించి, కుసులు పెట్టి బిగించాము.

తలుపు చక్కగా పట్టినది. జీపుకు తగిలించగానే బిగుసుకొనిపోయినది! కొలిచిన రోజున ఒక టైరులో గాలి లేదు. బండి ఒరిగి ఉన్నది. వడ్రంగి అన్న నవ్వి, బండి క్రింద జాకీలు పెట్టి మట్టము చూచి, ద్వారమును మూల నుండి మూలకు రెండు వైపులా కొలిచాడు. అర అంగుళము తేడా! ఆ రెండు కొలతలు సమానమయ్యేవరకు జాకీలు సర్ది, తలుపును మరల చిత్రిక పట్టాడు. రెండు రోజుల కూలి మా పొరపాటుకే పోయినది.

చుట్టూ పావు అంగుళము సందు విడిచి రబ్బరు పట్టీ వేశాము. రేకుకు అల్యూమినియం రివెట్లే కొట్టించాము. ఉప్పుగాలిలో ఇనుము తగిలితే ఆ రేకు త్వరగా తినివేయబడును. నీరు నిలువకుండ అడుగున రెండు రంధ్రములు పెట్టాము.

ఇంకొక మాట. పాత తలుపు బందులు వెనుక వైపున ఉండెను. గడియ వదులైతే ఎదురుగాలి తలుపును లాగివేయును. ఇప్పుడు బందులు ముందు వైపుకు మార్చాము. బండి సాగుచుండగా గాలియే తలుపును మూసి ఉంచును. అయినను చిన్నపిల్లలున్న కుటుంబము పడుకొనే బండి గనుక, లోపల రెండవ గడియ కూడ బిగించాము.