జక్కయ్య చెప్పిన సాక్ష్యం

గద్వాల నుంచి అచ్చంపేట దాకా ఏ మందిరంలోనైనా సరే, ఆదివారం పాటలు అయిపోయి వాక్యం మొదలయ్యే ముందు ఒక పిలుపు వినబడుతుంది: "సాక్ష్యాలు ఉన్నవాళ్ళు ముందుకు రండి." వస్తారు. బోరులో నీళ్ళు పడ్డాయని ఒకాయన, కొడుక్కి హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం దొరికిందని ఒకామె, మళ్ళీ స్కానింగ్ తీయిస్తే గడ్డ కనబడలేదని ఇంకొకామె. "దేవుడు నా పట్ల గొప్ప కార్యం చేసిండు" అని మొదలవుతుంది. స్తోత్రాలు, చప్పట్లు, మైకు ఇంకొకరి చేతికి. ఆ బోరులో నీళ్ళు పడితే సంతోషించని పాపాత్ముడెవడూ పాలమూరులో ఉండడు. నా గొడవ నీళ్ళతో కాదు.

ఆ వరుస వెనక ఒక సిద్ధాంతం పాతుకుపోయింది. మేలు జరగడమే దేవుడు ఉన్నాడనడానికి రుజువు, మనిషికి విశ్వాసం ఉందనడానికీ అదే రుజువు. వేదిక మీద ఎవరూ ఇంత పచ్చిగా చెప్పరు. కానీ డిసెంబరు 31 రాత్రి పళ్ళెంలో పెట్టి తిప్పే వాగ్దాన కార్డులు చూడండి. తలగా ఉంటావు, తోకగా ఉండవు. అప్పిస్తావు, అప్పు తెచ్చుకోవు. నీ గిన్నె నిండి పొర్లుతుంది. కొండమీది ప్రసంగం నుంచి రెండో చెంప చూపించమన్న మాట చీటీలో వచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అచ్చు వేసేవాళ్ళకు తెలుసు, ఆ కార్డు ఎవరూ ఇంటికి తీసుకుపోయి గోడకు అంటించుకోరని.

ఈ సిద్ధాంతానికి ఒక తోక ఉంది, విషమంతా అక్కడే. మేలు జరిగితే విశ్వాసం ఉన్నట్టయితే, జరగకపోతే లేనట్టే కదా. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషి మంచం పక్కన కూర్చొని, "ఇంకా గట్టిగ నమ్మాలె అక్కా, నీకు నమ్మకం సాలుతలేదు" అని చెప్పే ఓదార్పు మన దగ్గర ప్రార్థన పేరుతో చెలామణీ అవుతోంది. జబ్బు ఒక బరువు, దాని మీద ఈ నింద ఇంకో బరువు.

2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపూర్ ప్రాంతం మునిగింది. రాజోలిలో మగ్గాల గుంతల్లోకి నీళ్ళొచ్చి నేత కుటుంబాల బతుకులు కొట్టుకుపోయాయి. ఇలాంటివి జరిగినప్పుడల్లా ఎవరి పాపం వల్లనో అని లెక్కలు తీసే నోళ్ళు అన్ని మతాల్లోనూ ఉంటాయి, మనలోనూ ఉన్నాయి. యేసు రోజుల్లో సిలోయము దగ్గర గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని ఆయన అడిగి, కాదని తానే జవాబు చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం వీడిదా వీడి అమ్మానాన్నలదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు. లూకా 13, యోహాను 9. మన ఆశీర్వాదపు లెక్కలను ఆయన రెండుసార్లు కొట్టేశాడు. మనం మూడోసారి దిద్దుకుని రాసుకుంటున్నాం.

అవతలి పక్షానికి ఒక బలమైన వాదన ఉంది. దాన్ని దాటేసి పోతే అది వాదం కాదు. దాన్ని అందరికంటే బాగా చెప్పినవాడు మన గడ్డ మీద పుట్టినవాడే. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో మిషనరీ ఇంట పుట్టాడు, తరవాత తానూ మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీగా ఇక్కడ పనిచేశాడు, పాలమూరు జిల్లాలోని కొండూరు గ్రామం మీద 1971లో పుస్తకం వేశాడు. 1982లో రాసిన ఒక వ్యాసంలో ఆయన తన జాతివాళ్ళనే నిలదీశాడు. పాశ్చాత్య మిషనరీకి పైన పరలోకం, దేవుడు తెలుసు. కింద సైన్సు, మందులు తెలుసు. మధ్యలో మనిషిని రోజూ పీడించే భయాలు తెలియవు. బిడ్డకు జ్వరం ఎందుకొచ్చింది, వాన ఎందుకు పడలేదు, ఈ ముహూర్తానికి బయలుదేరవచ్చా? వీటికి చర్చిలో జవాబు దొరక్క జనం మంత్రగాడి గుమ్మం తొక్కారన్నది ఆయన మాట. స్వస్థత కూటాలవాళ్ళు ఇప్పుడు అంటున్నదీ అదే. ఆ ఖాళీని మేం నింపుతున్నాం, తప్పేంటి అని.

ఖాళీ ఉన్న మాట నిజం. దాన్ని దేనితో నింపుతున్నామన్నదే ప్రశ్న. హీబర్ట్ చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. శంషాబాదు దగ్గరి ముచ్చింతలలో మశూచి సోకింది. మైసమ్మకు దున్నను బలివ్వాలని ఊరు చందా వసూలు చేసింది. అక్కడి క్రైస్తవులు ఇవ్వలేదు, ఊరు వాళ్ళ మీద కక్ష కట్టింది. అంతలో ఒక క్రైస్తవ కుటుంబపు బిడ్డకే మశూచి వచ్చింది. సంఘ పెద్ద ప్రార్థన కోసం హీబర్ట్ దగ్గరికి వచ్చాడు. ప్రార్థించారు. పాప చనిపోయింది. మన సాక్ష్యాల వేళలో ఈ కథకు చోటు లేదు, ఎందుకంటే ఇందులో చప్పట్లు కొట్టే ఘట్టమే లేదు. కానీ ఆ సంఘం చెదరలేదు. పాపను పాతిపెట్టిన రోజు పునరుత్థానం మీద వాళ్ళకున్న ధైర్యాన్ని ఊరు చూసిందని ఆ పెద్ద తిరిగొచ్చి చెప్పాడు. మధ్యలోని ఖాళీని నింపవలసింది ఇలాంటి ధైర్యంతో, ఫలితాల పట్టికతో కాదు.

యేసు స్వస్థతలు చేయలేదా? చేశాడు, లెక్కలేనన్ని. మరి చేశాక ఏం చేశాడో చూడండి. కుష్ఠురోగిని బాగుచేసి, ఎవరితోనూ అనొద్దని గట్టిగా హెచ్చరించి పంపాడు. యాయీరు కూతుర్ని లేపి, బయట తెలియనివ్వొద్దని చెప్పి, ముందు పిల్లకు తినడానికేమైనా పెట్టండన్నాడు. మార్కు సువార్త నిండా ఇదే వరుస. మన కూటంలో అయితే ఆ పిల్లను వేదిక ఎక్కించి, తల్లి చేతికి మైకిచ్చి, వీడియో తీసి, వచ్చే నెల పోస్టర్ మీద ఫోటో వేసేవాళ్ళం. పిల్ల అన్నం తిన్నదో లేదో ఎవరికి పట్టింది?

గెరాసేనుల దేశంలో దయ్యం వదిలిన మనిషికి పోయి చెప్పమన్నాడు కదా అంటారు. అవును. నీ ఇంటికి, నీవాళ్ళ దగ్గరికి పో అన్నాడు. సమాధుల మధ్య గొలుసులు తెంపుకుంటూ తిరిగినవాణ్ణి ఇంట్లోవాళ్ళు ఎన్నేళ్ళు భరించారో! వాడు మనిషై ఇంటికి రావడమే వాళ్ళకు సాక్ష్యం.

ఇక పరిచర్యకు ముందు యేసు బతికిన ముప్పై ఏళ్ళ సంగతి. పరిచర్య మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు ముప్పై ఏళ్ళని లూకా రాశాడు. అంతకు ముందు పసితనపు కథలు, పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో కనబడ్డ ఆ ఒక్క ఘట్టం తప్ప మనకు తెలిసిందల్లా వడ్రంగి పని. నజరేతుకు ఆరు కిలోమీటర్ల దూరంలో సెప్ఫోరిస్ పట్నాన్ని హేరోదు అంతిప మళ్ళీ కట్టిస్తున్న రోజులవి. యోసేపు, ఆయన కొడుకు అక్కడ పనికి పోయి ఉండవచ్చని కొందరు పండితుల ఊహ. ఊహే కావచ్చు, కానీ పాలమూరువాళ్ళకు ఇది వింతగా తోచదు. గుంపు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన జిల్లా ఇది. పొద్దున సద్దిమూట కట్టుకొని ఇంకొకరి పట్నం కట్టడానికి పోయే కొడుకు మనకు కొత్త కాదు. ఈ వడ్లవాడికి ఇంత తెలివి ఎక్కడిదని సొంత ఊరివాళ్ళే ఆయన్ను చులకన చేశారు. చెమట పట్టే పనిలో దేవుడు ఉండడనుకున్నారు. మన సాక్ష్యాల వేళ కూడా నజరేతువాళ్ళ పక్షమే. ముప్పై ఏళ్ళ రంపపు పొట్టుకు అక్కడ ఒక్క నిమిషం దొరకదు.

ఈ మాట ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరెన్) సంఘాలవాళ్ళకు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. మిషనరీలుగా 1906లో బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో, 1915 ప్రాంతంలో జాన్సెన్ వనపర్తిలో దిగారు. గద్వాల మిషను 1937లో అమెరికన్ బాప్టిస్టుల దగ్గర నుంచి వచ్చింది. వాళ్ళను పంపిన మెన్నోనైట్ల మూలాలు 16వ శతాబ్దంలో ఉన్నాయి. వాళ్ళ పూర్వీకులు పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నందుకు నీళ్ళలో ముంచి చంపబడ్డారు, మంటల్లో కాలారు. కత్తి పట్టరు, ఒట్టు పెట్టరు, యేసు నడిచినట్టు నడిస్తేనే విశ్వాసం అన్నారు. ఆశీర్వాదం కొలబద్ద అయితే ఆ హతసాక్షులంతా విశ్వాసం చాలనివాళ్ళే! వాళ్ళ పేరు బోర్డు మీద పెట్టుకొని, లోపల ఈ సరుకు అమ్మడం నాకు మింగుడు పడదు.

సువార్తల్లో నాకు నచ్చిన సాక్ష్యం జక్కయ్యది. లూకా 19. యెరికోలో పన్ను వసూలుదారుల పెద్ద. యేసు ఆ ఇంట దిగినందుకు ఊరు సణుగుతోంది, ఆ సణిగేవాళ్ళలో వీడు దోచినవాళ్ళు ఉండే ఉంటారు. జక్కయ్య లేచి నిలబడి ఏం చెప్పాడు? తన జబ్బు నయమైందనలేదు, పదోన్నతి వచ్చిందనలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి కడతానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ తరవాతే. మన సాక్ష్యాల్లో డబ్బు లోపలికి వస్తుంది. జక్కయ్య సాక్ష్యంలో డబ్బు బయటికి పోయింది.

జక్కయ్య లెక్క మన చేలల్లో ఎక్కడ తేలాలో చూడండి. గట్టు, మల్దకల్, ధరూర్, అయిజ మండలాల్లో సీడు పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి, కాలం వస్తుంది. సాయంత్రం ఆడపువ్వు కాబోయే మొగ్గ రెక్కలు, కేసరాలు వేళ్ళతో గిల్లి తీస్తారు. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి అంటిస్తారు. యంత్రం లేదు, ఒక్కో పువ్వుకూ చెయ్యి పడాల్సిందే. చిన్న వేళ్ళయితే ఈ క్రాసింగ్ బాగా సాగుతుందని బడి మాన్పించి పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని దించిన చరిత్ర ఈ ప్రాంతానిది. పై నుంచి కంపెనీ, మధ్యలో ఆర్గనైజర్, కింద రైతు. విత్తనం పరీక్షలో ఫెయిలైందంటే రైతు మునుగుతాడు, ఆ బాధ అబద్ధం కాదు. కానీ "ఆర్గనైజరు నాకియ్యలే, నేనెక్కడికెల్లి ఇయ్యాలె" అన్న జవాబుతో చివరికి ఆగిపోయేది కూలి డబ్బే. సూర్యుడు గుంకక ముందే కూలి ఇచ్చెయ్యమని ధర్మశాస్త్రంలో ఉంది. యేసు చెప్పిన ద్రాక్షతోట కథలోనూ యజమాని సాయంత్రమే గృహనిర్వాహకుణ్ణి పిలిచి లెక్క తేల్చాడు. అందరికంటే ఆలస్యంగా, పొద్దు గుంకబోతుండగా అడ్డా మీద దొరికినవాళ్ళకు ముందు ఇచ్చాడు, దినమంతా పనిచేసినవాడికి ఇచ్చినంతా ఇచ్చాడు. పనికి పిలిచే దిక్కులేక నిలబడ్డవాడి పిల్లలకూ రాత్రి ఆకలి వేస్తుందని ఆయనకు తెలుసు.

సీడు దిగుబడి బాగా వచ్చిందని మైకులో చెప్పిన సాక్ష్యాలు చాలా విన్నాను. క్రాసింగ్ పిల్లను బడికి పంపి పెద్దవాళ్ళతోనే చేయించుకున్నాను, కూలి ఎక్కువైంది, అయినా దేవునికి స్తోత్రం అన్న సాక్ష్యం వినలేదు.

అలా చెప్పుకుంటే అది డప్పు కొట్టుకోవడం అవదా, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియొద్దన్నాడు కదా అని మా పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తన గురించి తాను చెప్పుకునే సాక్ష్యం నిలవదని యోహాను 5లో యేసే అన్నాడు. అయితే మనకెందుకు నిలవాలి? మైకు మన చేతిలో నుంచి తీసుకొని మన దగ్గర పనిచేసేవాళ్ళకు ఇద్దాం. సంఘంలో రైతులూ ఉన్నారు, వాళ్ళ చేలల్లోకి దిగే కూలీలూ వెనక చాపల మీద కూర్చుంటున్నారు. ఈ అయ్య మాకు ఏ రోజు కూలి ఆ రోజే ఇచ్చిండని వాళ్ళు చెబితే అది సాక్ష్యం. ఇయ్యలేదని చెబితే, అదీ సాక్ష్యమే.

సంఘం చీలిపోతుందని కమిటీలో ముందుగా అభ్యంతరం చెప్పేది ఎక్కువ ఎకరాల్లో సీడు వేసినవాళ్ళే. చెప్పనివ్వండి. ఆ వంకనైనా కూలి బాకీ అనే మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది.