డిశ్చార్జ్ అయ్యాక ఫ్యామిలీ డాక్టర్‌కు చెప్పేదెవరు?

పెద్దాస్పత్రిలో చికిత్స పూర్తయి ఇంటికొచ్చాక జ్వరమో, కళ్లు తిరగడమో వస్తే చాలామంది ముందు వెళ్లేది ఇంటి దగ్గరి డాక్టర్ వద్దకే. ఆస్పత్రిలో ఏం జరిగిందో ఆయనకు తెలిసే దారి మన దగ్గర దాదాపు ఒక్కటే: రోగి ఫైలు పట్టుకెళ్లడం.

ఎందుకిలా?
బ్రిటన్‌లో ప్రజలు తమ ప్రాంతంలోని జీపీ క్లినిక్‌లో పేరు నమోదు చేసుకుంటారు. ఎన్‌హెచ్‌ఎస్ కాంట్రాక్ట్ ప్రకారం, అడ్మిట్ అయినవారి డిశ్చార్జ్ సమ్మరీని ఆస్పత్రి 24 గంటల్లోపు అక్కడికి పంపాలి. మన దగ్గర అలాంటి నమోదు లేదు. ఎవరికి పంపాలో ఆస్పత్రికే తెలియదు.

ప్రమాదం ఎక్కడ?
ఎక్కువగా మందుల దగ్గరే. బీపీ మాత్రను వేరే బ్రాండ్‌తో రాస్తే ఇంట్లో పాతదీ కొత్తదీ రెండూ వేసుకోవచ్చు. రక్తం పలచబరిచే మందు వాడుతున్నారని తెలియక నొప్పుల మాత్ర రాస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బయాప్సీ, కల్చర్ వంటి రిపోర్టులు కొన్నిసార్లు డిశ్చార్జ్ తర్వాతే వస్తాయి. అడిగేవారు లేకపోతే అవి అక్కడే ఉండిపోతాయి.

ఆభా నంబర్ ఉంటే చాలదా?
చాలదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్‌లో దేశమంతటా మొదలైంది. ఇందులో ఇచ్చే 14 అంకెల నంబరే ఆభా. అయితే ఆస్పత్రి ఆ వ్యవస్థలో చేరి, మీ రికార్డును మీ నంబర్‌కు లింక్ చేయాలి. దాన్ని మరో డాక్టర్ చూడాలంటే మీ అనుమతి కావాలి, ఆయన క్లినిక్‌లో తగిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకున్నా మళ్లీ కాగితమే దిక్కు.

మన హక్కు ఏమిటి?
మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

ఇంటికి బయల్దేరే ముందు అడగాల్సినవి
- ఏ పాత మందు ఆపాలి? కొత్తది ఎన్నాళ్లు వాడాలి?
- ఇంకా రావాల్సిన రిపోర్టులు ఏవి? ఎప్పుడొస్తాయి?
- ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి?

సమ్మరీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ తీసుకుని మొదటి వారంలోనే ఫ్యామిలీ డాక్టర్‌ను కలవండి.

చదువుకున్నవారు ఇదంతా చేసుకోగలరు. ఇంగ్లిష్‌లో ఉండే సమ్మరీ చదవలేని వృద్ధుల సంగతేమిటి? సమాచారం పంపే బాధ్యత ఆస్పత్రిది కానంత కాలం ఆ భారమంతా రోగి మీదే పడుతుంది.