'అవగాహన కల్పించాలి' అని రాసే ముందు

మీ పాత టెస్ట్ సిరీస్ జవాబులు ఒకసారి బయటకు తీయండి. పోషకాహార లోపం మీద రాసిన జవాబులో చివరి పేరా చూడండి. 'పేద మహిళలకు సమతుల ఆహారంపై అవగాహన కల్పించాలి' అన్న వాక్యం కచ్చితంగా ఉంటుంది. నా జవాబులోనూ ఉంది. పక్కన టిక్ కూడా పడింది. ఆ వాక్యం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయిన దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ జవాబు అమ్మకు చదివి వినిపించాను. మాది పాలమూరు వైపు ఒక పల్లె. అమ్మ అంగన్‌వాడీలో ఆయా, ఇరవై ఏళ్లుగా పిల్లలకు వండి పెడుతోంది. అంతా విని ఒకటే అడిగింది: "పప్పు తింటె బలమని తెల్వని తల్లి ఉంటదా బిడ్డా? నెలాఖర్ల ఎవలింట్ల పప్పు డబ్బ నిండుగుంటదో చెప్పు." నాలుగేళ్ల బీటెక్, రెండేళ్ల కోచింగ్ అయ్యాక కూడా ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు.

ముందు లెక్కలు చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది 11.3 శాతానికే. ఈ అంకెలు చూడగానే మనం 'తల్లులకు తెలియదు' అని తేల్చేస్తాం. అక్కడే తప్పు చేస్తున్నాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. మన శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం దాటకూడదని, మిగతాది పప్పులు, పాలు, కూరలు, పండ్లు, గింజల నుంచి రావాలని వాటి సారాంశం. మంచి మాటే. ఇప్పుడు 2013 ఆహార భద్రతా చట్టం తెరవండి. ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు. రేషన్‌లో హక్కుగా వచ్చేది అదే. పప్పు లేదు, నూనె లేదు, గుడ్డు లేదు. ఒక ప్రభుత్వ సంస్థ తగ్గించమన్న ధాన్యాన్నే ఇంకో ప్రభుత్వ వ్యవస్థ సంచిలో పోసి పంపుతోంది. రెంటి మధ్య ఇరుక్కున్న ఇల్లాలికి మనం క్లాసు పెడుతున్నాం.

ఇంకో సంగతి. మా నాయనమ్మ తరం జొన్న రొట్టె, జొన్న గటక, పుంటికూర, చేను గట్ల మీద మొలిచిన ఆకుకూరలు తిన్నది. వాళ్లకు ఎవరూ క్లాసు చెప్పలేదు. హరిత విప్లవం నుంచి సర్కారు కొనుగోళ్లన్నీ వరి, గోధుమల చుట్టూనే తిరిగాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కానీ చౌకగా బియ్యం దొరికాక జొన్న ఎవరు పండిస్తారు? పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక గట్ల మీది కూరలూ పోయాయి. 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేసుకుని, జొన్న తినడం ఎలాగో ఆమె మనవరాలికే నేర్పుతున్నాం!

మీరు ఎదురు ప్రశ్న వేస్తారని తెలుసు: డబ్బున్న ఇళ్లలోనూ పిల్లలు గిడసబారుతున్నారు కదా? నిజమే. అదే సర్వేలో అత్యంత పేద వర్గంలో గిడసబారిన పిల్లలు సుమారు 46 శాతం ఉంటే, అత్యంత సంపన్న వర్గంలో సుమారు 23 శాతం ఉన్నారు. అంటే డబ్బుతోనే అంతా తీరదు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టడం, ఆరు నెలలు నిండగానే మెత్తటి తిండి మొదలుపెట్టడం, తిన్న వెంటనే టీ తాగకపోవడం, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోవడం... ఇవి చెప్పాల్సిన విషయాలే, ఖర్చూ పెద్దగా ఉండదు. మరి ఆ క్లాసు సంపన్నులకు ఎందుకు పెట్టం? పేదింట్లో కూడా తల్లిని మాత్రమే ఎందుకు కూర్చోబెడతాం? అంగడికి వెళ్లేది, డబ్బు చేతిలో ఉండేది చాలా ఇళ్లలో తండ్రికి. అతను ఆ క్లాసులో కనబడడు. పొద్దున్నే కూలికి పోయి పొద్దుగూకి వచ్చే ఆమెకు మాత్రం ఐదు రంగుల పళ్లెం బొమ్మ చూపిస్తాం.

నేర్పడం వద్దని నేను అనడం లేదు. నేర్పినదాన్ని వండుకునే సరుకు కూడా ఇవ్వమంటున్నాను. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టింది. రైతుల దగ్గర మద్దతు ధరకు రాగులు కొన్నది, రేషన్‌లో ఇచ్చింది, కియోంఝర్ జిల్లాలో అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టింది. వంట నేర్పడం అందులో ఒక భాగం మాత్రమే. మన దగ్గర 2015 నుంచి అమలైన ఆరోగ్యలక్ష్మి కూడా గర్భిణికి కరపత్రం ఇచ్చి పంపలేదు, కేంద్రంలోనే అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెట్టింది. అలాగని అంతా బాగుందని కాదు. అంగన్‌వాడీ పిల్లవాడి అనుబంధ ఆహారానికి 2017లో కేంద్రం ఖరారు చేసిన ఖర్చు రోజుకు 8 రూపాయలు. ఒక్క గుడ్డు ధర ఎంతో మీ వీధి కొట్టులో అడిగి చూడండి.

కాబట్టి మెయిన్స్ జవాబులో వరస మార్చండి. మొదట రేషన్‌లో పప్పు, నూనె, చిరుధాన్యాలు: ఆహార భద్రతా చట్టం 12వ సెక్షన్ సరుకుల వైవిధ్యం గురించి ఇప్పటికే చెబుతోంది. తర్వాత అనుబంధ ఆహార ఖర్చును ధరలతో ముడిపెట్టడం. ఆ తర్వాత అవగాహన, అదీ తండ్రులతో కలిపి, ఆ ఊళ్లో దొరికే సరుకుతో. పోషణ స్థాయిని పెంచడం రాజ్యం విధి అని 47వ అధికరణం చెబుతోంది. ఆ విధిని తల్లి నెత్తిన పెట్టమని అది చెప్పలేదు.

ఇది మార్కుల కోసం మాత్రమే కాదు. మనలో కొందరు రేపు జిల్లాల్లో కూర్చుంటారు. ఈరోజు అలవాటుగా రాసిన వాక్యమే అప్పుడు ఫైలు మీదకు వస్తుంది. కింద ఆయాలు బ్యానరు కట్టి, కూరగాయలతో ముగ్గు వేసి, ఫొటో తీసి పంపుతారు. ఆ ఫొటో చూసి పని అయిందనుకుంటాం.

రాసి చూడండి: 'భారత్‌లో పోషకాహార లోపానికి కారణం తెలియకపోవడమా, అందకపోవడమా? విమర్శనాత్మకంగా చర్చించండి.' (250 పదాలు, 15 మార్కులు)