నడిచే మనిషికి దారేదీ?

ఊరికి మాల్ వస్తే అభివృద్ధి వచ్చినట్టేనని పాలకులు నమ్మిస్తున్నారు. విశాఖ హార్బర్ పార్కు దగ్గరి లులు మాల్ కథే చూడండి. 2018లో శంకుస్థాపన, 2019లో రద్దు, 2025లో మళ్లీ భూకేటాయింపు. ప్రభుత్వాలు మారినా చర్చంతా ఎకరాలూ లీజుల చుట్టూనే తిరిగింది. అక్కడికి నడిచి వెళ్లేవాడి సంగతేమిటని అడిగిన నాయకుడు మాకు కనిపించలేదు.

మాల్‌ను కనిపెట్టిన దేశం ఏం నేర్చుకుంది? అమెరికాలో తొలి పైకప్పు మాల్ సౌత్‌డేల్ 1956లో తెరుచుకుంది. దాన్ని గీసిన విక్టర్ గ్రూయెన్, తన ఆలోచనను పాడుచేశారంటూ తర్వాత వచ్చిన మాల్స్‌ను తానే కాదన్నాడు. కొలరాడో రాష్ట్రం లేక్‌వుడ్‌లో 1966 నాటి విల్లా ఇటాలియా మాల్ 2001లో మూతపడింది. దాన్ని కూలగొట్టి వీధులు వేశారు. కింద దుకాణాలు, పైన ఇళ్లు, మధ్యలో జనం కూర్చునే చోటు కట్టారు. 2004లో అది బెల్మార్ అనే నడిచే పేటగా తెరుచుకుంది. కోట్లు పోసి వాళ్లు తెచ్చుకున్నది మన అంగడివీధినే!

ఆ వీధి తగరపువలసకు ఎప్పటినుంచో ఉంది. చిట్టివలస, సంగివలస, చుట్టుపక్కల పల్లెల జనానికి బజారంటే ఇదే. జీతాలతో ఈ బజారును నిలబెట్టిన చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి భూముల ధరలు మాత్రం ఎగిరాయి. రేపు ఇక్కడికీ అద్దాల మేడలు వస్తాయి. కాలేజీ పిల్లలు, ఉద్యోగులు, సంచులు మోసే ఆడవాళ్లు లారీల మధ్యనుంచి జాతీయ రహదారి దాటాల్సిందేనా?

అయితే ఒక హెచ్చరిక. సుందరీకరణ పేరుతో మొదటి వేటు పడేది తోపుడుబండి మీదే. చెన్నై పాండీబజార్‌లో 2019లో పాదచారుల ప్లాజా తెరిచారు. రోడ్డు పక్క చిరువ్యాపారులను అంతకుముందే, 2013లో, ఒక కాంప్లెక్సులోకి పంపేశారు. అమ్మేవాడు లేని వీధి నడిచేవాడికి మాత్రం ఎందుకు?

చట్టం మనవైపే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తికాకుండా ఎవరినీ లేపకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్‌పై నడిచేందుకు కనీసం 1.8 మీటర్లు అడ్డులేకుండా ఉండాలి.

జీవీఎంసీని మేం అడిగేది కొత్త వరం కాదు. తగరపువలస బజారులో ముందు సర్వే చేయండి. బండ్లకు చోటు గీయండి. ఫుట్‌పాత్ వేయండి. రోడ్డు దాటడానికి భద్రమైన దారి చూపండి. ఆ తర్వాతే మాల్స్‌కు అనుమతుల మాట ఎత్తండి. విద్యార్థులారా, ఉద్యోగులారా! వార్డు సమావేశాల్లో ఈ నాలుగు ప్రశ్నలూ మీరే అడగండి. జవాబు కాగితం మీద రాయించుకునేదాకా కదలకండి.