పెద్ద ఇల్లా, పాత ఇల్లా?

మేం న్యూజెర్సీలో ఇల్లు కొనాలని చూస్తున్నాం. మన్రోలో ఒక ఇల్లు అమ్మకి తెగ నచ్చింది. నాలుగు బెడ్‌రూమ్‌లు, గ్రానైట్ కిచెన్, పూజకి వేరే గది. ఇజెలిన్‌లో చూసింది పాతది, చిన్నది. కింద బాత్‌రూమ్‌లో టైల్స్ గులాబీ రంగు! కానీ ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లొచ్చు.

నా ఓటు పాత ఇంటికే. కారణం అమ్మమ్మ. ఆవిడకి డ్రైవింగ్ రాదు. మన్రోలో రైలు స్టేషన్ కూడా లేదు. కరివేపాకు కావాలన్నా ఎవరో ఒకరు కారు తియ్యాలి. పొద్దున్నే అందరం వెళ్లిపోతే, సాయంత్రం దాకా అంత పెద్ద ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఇజెలిన్‌లో అయితే తనే సంచీ పట్టుకుని వెళ్తుంది, బెండకాయలు ఏరుకుంటుంది, బేరమాడుతుంది. (అక్కడ బేరాలుండవని చెప్పినా వినదు. 'బేరం' అనే మాట నేను నేర్చుకుంది ఆవిడ దగ్గరే.)

టైల్స్ తర్వాత మార్చుకోవచ్చు. ఓక్ ట్రీ రోడ్డుని మన్రోకి తీసుకెళ్లలేం కదా.

అమ్మ చెప్పినదాంట్లో ఒక్కటి నిజం. ఆవిడ మోకాళ్లకి మెట్లు పడవు, పాత ఇంట్లో బెడ్‌రూమ్‌లన్నీ పైనే. సరే, డైనింగ్ రూమ్‌లో మంచం వేద్దాం. ఎలాగూ అన్నం కిచెన్‌లోనే తింటాం.

అమ్మమ్మని అడిగితే "మీ ఇష్టం" అంది. కాసేపాగి, "కొట్టు ఎంత దూరం?" అని అడిగింది.