రాతి ఆయువు, చేతి ఆయువు

కొలిమిగుండ్ల మండలమునందలి బెలుం గుహలను గూర్చి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు వ్రాసియుంచినను, దాదాపు నూఱేండ్ల పిదప, 1982-83లో, గెబాయర్ నాయకత్వమున వచ్చిన జర్మను అన్వేషకులు చీఁకటిలోఁ బ్రాకి కొలిచి చూపువఱకు, మూడు కిలోమీటర్లకు మించిన ఆ బిలము లోకమునకు మఱుఁగుననే యుండెను. సున్నపురాతిని నీరు కరఁగించి తొలిచిన ఆ సొరంగములలో, బొట్టుబొట్టు విడిచిన సున్నము పేరుకొని మఱ్ఱియూడలవలె వ్రేలాడుటకుఁ బట్టిన కాలము ముందఱ మానవజీవితము లెక్కకే రాదు. అయినను నన్ను నిలిపివేసినవి ఆ యూడలు గావు, అచ్చట దొరకిన, క్రీస్తుపూర్వము 4500 నాఁటివని చెప్పఁబడు మట్టిపాత్రల శకలములు. ఆ మట్టిని మలఁచిన చేతులెవ్వరివి?

ప్రశ్న ప్రాచీనులకే పరిమితము గాదు. ఆళ్లగడ్డలో నేఁటికిని శిల్పులు ఉలిపట్టి దేవతావిగ్రహములు చెక్కుచున్నారు. ప్రతిష్ఠవేళ కన్నులు తెఱపించినంతనే విగ్రహము దైవమగును, శిల్పి మఱపునఁ బడును. దాతపేరు మాత్రము చలువరాతి పలకపై బంగారురంగున మెఱయును! కళాకారుఁడు కృతియందుఁ జిరంజీవియను మాట, పద్యాంతమునఁ దమ పేరు చెప్పుకొను కవులకుఁ జెల్లినట్లు శిల్పులకుఁ జెల్లదు.

కావున ఈ సంచికలోఁ గొన్ని పుటలు వారికి విడిచితిమి. తమ యూరి విగ్రహమును జెక్కినవాని పేరు, ఊరు ఎఱిఁగిన వృద్ధులు బ్రదికియుండఁగనే పాఠకులు అడిగి తెలిసికొని, ఒక కార్డుముక్కపై వ్రాసి మాకుఁ బంపుదురుగాక.